వించ్ కేబుల్: ఐసొలేటర్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. డీజిల్ థార్‌కి 9,500 పౌండ్ల వించ్, అంటే ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే మోటారు, పెట్టించుకున్నారు. మీ ఊళ్ళో ఆటో ఎలక్ట్రీషియన్ పాజిటివ్, నెగటివ్ రెండు కేబుళ్ళనీ తోటలో నీళ్ళు పట్టే ఆకుపచ్చ పైపులో దూర్చి, బ్రేక్ పైపుకి టై కట్టి ముందుకి తీసుకెళ్ళాడు. నెగటివ్ చివర వించ్ దగ్గరే ఛాసిస్‌కి బోల్టు వేసేశాడు. మారేడుమిల్లి వైపు బురదలో ఒకసారి గట్టిగా లాగాక కాలిన వాసన వచ్చింది, చెయ్యి పెట్టి చూస్తే కేబుల్ వేడిగా తగిలింది. ఇప్పుడు ఫ్యూజు వేయించాలా, దారి మార్చాలా, సాలినాయిడ్ బాక్సుని (రిమోట్ బటన్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే డబ్బాని) బానెట్ లోపలికి తెచ్చుకుంటే మేలా అని అడుగుతున్నారు.

మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ముందు వెళ్ళి బ్యాటరీ మీద వించ్ పాజిటివ్ ఊడదీయండి. ఊడదీసిన లగ్గుకి, అంటే కేబుల్ కొసనున్న రాగి ముక్కకి, మందంగా టేపు చుట్టి, దేనికీ తగలకుండా పక్కకి కట్టేయండి. ఇది ఊడదీయడానికైనా, ఏ పని మొదలుపెట్టేటప్పుడైనా బండి నెగటివ్ టెర్మినల్ ముందు తీయాలి, ఆ తర్వాతే పాజిటివ్. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖరున. చేతికి కడియం, ఉంగరం, స్టీలు పట్టీ గడియారం ఉంటే తీసేయండి. స్పానర్ ఒక కొస పాజిటివ్ మీద, ఇంకో కొస బాడీ మీద పడితే ఏమవుతుందో ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు.

ఇంత తొందర ఎందుకంటే, మీ బండిలో ఇప్పుడు వించ్ వాడినా వాడకపోయినా, రాత్రి ఇంటి ముందు ఆపి ఉన్నా, బ్యాటరీ పాజిటివ్ ముందు బంపర్ దాకా బతికే ఉంది. మధ్యలో స్విచ్ లేదు, ఫ్యూజు లేదు. ఆ కేబుల్ బ్రేక్ పైపుని ఆనుకుని పోతోంది. ఆటో ఎలక్ట్రీషియన్లకి హారన్, ఫాగ్ ల్యాంపులు, మ్యూజిక్ సిస్టం బాగా తెలుసు. అవన్నీ పది, ఇరవై ఆంపియర్ల వ్యవహారం. వించ్ వేరు. ఈ సైజు వించ్ ఖాళీగా తిరిగేటప్పుడే అరవై, ఎనభై ఆంపియర్లు తీసుకుంటుంది. పూర్తి బరువు మీద మోటారు గింజుకునేటప్పుడు 400 ఆంపియర్ల దాకా, కొన్నింటిలో ఆపైన కూడా పోతుంది. గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో మామూలు 3.15 ఎంఎం రాడ్ కాల్చడానికి వంద, నూటముప్పై ఆంపియర్లు పెడతారు. దానికి మూడింతల కరెంటు మీ బానెట్ కింద నుంచి పోతోందన్నమాట.

అందుకే నేను ఏ బండికి వించ్ వైరింగ్ చూసినా మొదట చూసేది కేబుల్ మీద ఏం తొడిగారని కాదు. బ్యాటరీ పాజిటివ్‌కీ మొదటి స్విచ్‌కీ మధ్య ఎంత పొడవుందో చూస్తాను. ఆ ముక్క జానెడు ఉంటే సగం ప్రమాదం తప్పినట్టే. రెండు మీటర్లుంటే, దాని మీద ఎన్ని తొడుగులు వేసినా నాకు నమ్మకం కుదరదు. వించ్ ఉండేది బంపర్ దగ్గర. రోడ్డు మీద ఏదైనా గుద్దుకుంటే మొదట నలిగేదీ అదే చోటు. రేడియేటర్ సపోర్ట్ రేకు వెనక్కి ఒరిగి కేబుల్‌ని కోసిందంటే బ్యాటరీలో ఉన్న శక్తంతా ఆ ఒక్క చోటే దిగుతుంది. మంచి స్థితిలో ఉన్న డీజిల్ బండి బ్యాటరీ నేరుగా షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్లు దాటి ఇస్తుంది. పక్కనే బ్రేక్ ఆయిల్ ఉంది, అదీ అంటుకునేదే.

కాబట్టి మొదటి ఖర్చు ఐసొలేటర్, అంటే బ్యాటరీ కరెంటుని తెంచే పెద్ద స్విచ్. లారీవాళ్ళు కటాఫ్ అంటారే, అదే. కానీ లారీ సామాన్ల కొట్లో దొరికే ఎర్ర ప్లాస్టిక్ తాళంచెవి కటాఫ్ ఇక్కడికి పనికిరాదు. వాటిలో చాలావాటికి నిలకడ రేటింగు యాభై, వంద ఆంపియర్లే. లోపలి కాంటాక్టు వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోవడం కళ్ళారా చూశాను. నిలకడగా కనీసం 300 ఆంపియర్లు, కొద్ది సెకన్లకి అంతకు రెండు మూడు రెట్లు తట్టుకుంటుందని ఒంటి మీద రాసి ఉన్నది తీసుకోండి. వెనక కేబుల్ బిగించే స్టడ్లు ఇత్తడివో రాగివో అయి ఉండాలి. రాగి పూత పూసిన ఇనుప స్టడ్లు కూడా అమ్ముతున్నారు, కొట్లో అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇది ఎక్కడ పెట్టాలి? బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, అదే సమయంలో బానెట్ మొత్తం ఎత్తకుండా చెయ్యి అందేలా. ఈ రెండూ ఒకచోట కుదరవు, కొంచెం బుర్ర పెట్టాలి. చెయ్యి అందడం ఎందుకంటే, వించ్‌లో నేను అన్నిటికంటే భయపడేది సాలినాయిడ్ అతుక్కుపోవడం. లాగుతూ లాగుతూ బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. సాలినాయిడ్ కాయిల్‌కి బలం చాలక కాంటాక్టులు టకటకా కొట్టుకుంటాయి. కొట్టుకున్న ప్రతిసారీ నిప్పు రవ్వ పుడుతుంది, చివరికి రెండూ వెల్డయిపోతాయి. అప్పుడు రిమోట్ మీద బటన్ వదిలేసినా వించ్ ఆగదు. హుక్కు ఫెయిర్‌లీడ్ (తాడు బయటికొచ్చే చోట ఉండే చట్రం) దాకా వచ్చి, దాన్ని విరిచి, ఇంకా లాగుతూనే ఉంటుంది. రిమోట్ వైరు పీకినా లాభం లేదు. ఆ క్షణంలో ఆపగలిగేది ఐసొలేటర్ ఒక్కటే. నేను సాధారణంగా ఇన్నర్ ఫెండర్ పై అంచున, గ్రిల్ సందులోంచో బానెట్ పక్క సందులోంచో వేళ్ళు దూరేచోట బ్రాకెట్ వేయిస్తాను. డ్యాష్‌బోర్డు మీద చిన్న స్విచ్‌తో నడిచే ఎలక్ట్రిక్ ఐసొలేటర్లు కూడా ఉన్నాయి, సుఖంగానే ఉంటాయి. కానీ వాటి లోపల ఉన్నదీ కాంటాక్టే. వించ్ సాలినాయిడ్‌కి పట్టిన గతే దానికీ పట్టొచ్చు. నా ఓటు చేత్తో తిప్పేదానికే.

అలవాటు ఏమిటంటే, వించ్ చేసేటప్పుడు ఆన్, తాడు చుట్టేసి హుక్కు తగిలించాక ఆఫ్. రోడ్డు ఎక్కేముందు ఆఫ్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఇక ఫ్యూజు సంగతి. ఇక్కడ రెండు వర్గాలున్నాయి, ఇద్దరూ గట్టిగానే వాదిస్తారు. వించ్ కంపెనీల్లో చాలామంది ఫ్యూజు ఇవ్వరు. మోటారు గింజుకునేటప్పుడు తీసుకునే కరెంటే అంత ఎక్కువ కదా, లాగుతున్న మధ్యలో ఫ్యూజు పోతే బండి వాలు మీద ఇరుక్కుపోతుందని వాళ్ళ వాదన. అందులో కొంత న్యాయముంది. కానీ మెగా ఫ్యూజు లాంటి నిదానంగా తెగే రకాలు రేటింగు దాటిన వెంటనే తెగవు. 300 ఆంపియర్ల మెగా ఫ్యూజు 400 దగ్గర నిమిషాల లెక్కన నిలబడుతుంది. మామూలుగా మన లాగుడు అంతసేపు ఆ లోడు మీద ఉండదు, ఉండకూడదు కూడా. నేరుగా షార్ట్ అయితే మాత్రం క్షణాల్లో తెగుతుంది. కాబట్టి బ్యాటరీకి, ఐసొలేటర్‌కి మధ్య మంచి కంపెనీ మెగా ఫ్యూజు వేయమనే నేను చెబుతాను, స్పేర్ ఒకటి డ్యాష్‌బోర్డులో ఉంచుకోండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, బటన్ నొక్కితే మళ్ళీ ఆన్ అయ్యే సర్క్యూట్ బ్రేకర్లు వద్దు. వాటి లోపలి రెసిస్టెన్సే ఒక రోగం. మీద 300 అని రాసి ఉన్నా లోపలి కాంటాక్టు చూస్తే నవ్వొస్తుంది.

అయితే ఫ్యూజు ఉంది కదా అని ధీమా పడకండి. రాపిడికి కేబుల్ తొడుగు కొంచెం అరిగి, బండి కుదుపుకి అప్పుడప్పుడూ ఛాసిస్ అంచుకి తగులుతోందనుకోండి. ఒక్కో తాకిడికి నూరు, నూటయాభై ఆంపియర్లతో చిటచిటమని నిప్పు రవ్వలు రాలతాయి. మీ 300 ఆంపియర్ల ఫ్యూజుకి అది లెక్కలోకే రాదు, వించ్ మామూలుగా పని చేస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ రవ్వ చాలు, పక్కనున్న ప్లాస్టిక్ అంటుకోవడానికి. ఈ రకం మంటని ఆపేవి రెండే. కేబుల్ అరగకుండా చూసుకోవడం, అరిగినా అందులో కరెంటు లేకుండా చూసుకోవడం.

అరగకుండా ఉండాలంటే దారి సరిగ్గా ఉండాలి. మీ ఎలక్ట్రీషియన్ వేసిన దారి మొత్తం తీసేయండి. బ్రేక్ పైపు, డీజిల్ పైపు, ఏసీ గొట్టం, వీటికి వించ్ కేబుల్ కట్టడమంటే ఆపద కొనితెచ్చుకోవడమే. పైపుని ఆధారంగా వాడుకోవడం సులువు, అందుకే అందరూ అదే చేస్తారు. కేబుల్ ఒకచోట కరిగి షార్ట్ అయితే సన్నటి ఉక్కు బ్రేక్ పైపుకి చిల్లు పడటం ఎంతసేపు? ఆ తర్వాత పెడల్ నొక్కితే కాలు నేల దాకా పోతుంది.

నేను ఎంచుకునే దారి ఇలా ఉంటుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఐసొలేటర్ దాటాక ఇన్నర్ ఫెండర్ పై అంచు వెంబడి ముందుకి. హెడ్‌లైట్ వెనకగా దిగి, రేడియేటర్ పక్కనున్న సపోర్ట్ రేకులోంచి బయటికి, అక్కడి నుంచి వించ్‌కి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, టర్బో ఉన్న వైపు నుంచి పోకూడదు. తప్పనిసరైతే జానెడు దూరం ఉంచి, ఆ మేరకు సిలికాన్ పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ తొడుగు వేయాలి. ఫ్యాను, బెల్టు, స్టీరింగ్ షాఫ్ట్, ఇవి కదిలే వస్తువులు. బండి ఆగి ఉన్నప్పుడు రెండంగుళాల ఎడం కనిపించినా నమ్మొద్దు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది, స్టార్ట్ చేసినప్పుడు, గుంతలో పడినప్పుడు పక్కకి ఊగుతుంది. అందుకే కేబుల్‌ని ఇంజన్‌కి ఎక్కడా కట్టకండి, మొత్తం దారి బాడీ మీదే పోనివ్వండి. బాడీకి, ఛాసిస్ మీద బిగించిన వించ్ ప్లేటుకి మధ్య కూడా కదలిక ఉంటుంది. అక్కడ చిన్న వంపు వదలాలి, బిగుతుగా లాగి కట్టకూడదు. వంపు తిప్పేచోట కేబుల్ మందానికి ఆరు రెట్ల కంటే తక్కువ వ్యాసార్ధంతో మడవకండి. లగ్గు మొదట్లోనే మెలి పెడితే లోపలి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, బయటికి ఏమీ కనిపించదు.

రేకులో రంధ్రం ఉన్న ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాల్సిందే. ఆ పంచ్ చేసిన అంచుని వేలితో నిమిరి చూస్తే బ్లేడులా ఉంటుంది. సరైన సైజు గ్రోమెట్ దొరక్కపోతే డీజిల్ హోస్ ముక్కని నిలువుగా చీల్చి అంచుకి తొడిగి, లోపల రబ్బరు అడ్హెసివ్ రాయండి, గట్టిగా పట్టుకుంటుంది. జానెడు దూరానికి ఒకటి చొప్పున లోపల రబ్బరున్న పి-క్లాంపులు బోల్టుతో బిగించండి. ప్లాస్టిక్ టైలు అదనంగా కావాలంటే వేసుకోండి కానీ బరువు మోసేది అవి కాకూడదు. ఇంజన్ వేడికి ఎండాకాలం రెండు గడిచేసరికి పెళుసెక్కి విరుగుతాయి.

కొత్తగా బిగించిన లగ్గు, ఐసొలేటర్ బానెట్‌కి తగులుతాయేమోనని అనుమానం ఉంటే చపాతీ పిండి ముద్దని పాజిటివ్ మీద, ఐసొలేటర్ మీద పెట్టి, మీద పల్చటి కవరు కప్పి బానెట్ మెల్లగా మూసి తీయండి. ముద్ద ఎంత నొక్కుకుందో అంతే ఎడం మిగిలింది. వేలి మందం కంటే తక్కువుంటే బ్రాకెట్ కిందికి దించాలి. గతుకుల్లో బానెట్ కూడా అదురుతుంది మరి.

మీ ఆకుపచ్చ పైపు దగ్గరికి వద్దాం. అది మెత్తటి పీవీసీ, నీళ్ళకోసం చేసింది. బానెట్ కింద వేడికి మెత్తబడి సాగిపోతుంది, మంట తగిలితే అంటుకుంటుంది, నల్లటి పొగ వస్తుంది. మీకు వచ్చిన వాసనలో సగం దానిదే అయ్యుంటుంది. పైగా మీవాడు రెండు కేబుళ్ళూ ఒకే పైపులో దూర్చాడు. లోపల రెండూ ఒకదాన్నొకటి రాసుకుని తొడుగు అరిగితే ఛాసిస్ అక్కర్లేకుండానే షార్ట్. పాజిటివ్, నెగటివ్ పక్కపక్కనే పోవచ్చు, కానీ ఎవరి తొడుగు వాళ్ళకి ఉండాలి.

తొడుగుకి నాకు బాగా నచ్చింది కారు హీటర్ హోస్. లోపల నూలు అల్లిక ఉన్న నల్ల రబ్బరు గొట్టం, వేడి నీళ్ళకీ ఒత్తిడికీ చేసింది, కాబట్టి బానెట్ కింద వేడి దానికి అలవాటే. లగ్గు నొక్కక ముందే తొడగాలి, తర్వాత దూరదు. లోపలికి కొంచెం టాల్కం పౌడరు చల్లితే సాఫీగా జారుతుంది. రాళ్ళ దెబ్బ తగిలే చివరి మీటరుకి ఇది చాలా మేలు. పైన కనిపించే భాగానికి నైలాన్ అల్లిక తొడుగు సరిపోతుంది. నల్లటి ముడతల స్ప్లిట్ కాండ్యూట్, అంటే నిలువునా చీలిక ఉన్న ప్లాస్టిక్ గొట్టం, చూడ్డానికి కంపెనీ ఫిట్టింగులా ఉంటుంది కానీ చీలిక లోంచి మన ఎర్రమట్టి బురద లోపలికి పోయి ఎండిపోతుంది. ఆ ఇసుక లోపల ఉండి ప్రతి కుదుపుకీ కేబుల్ని గరగరా రుద్దుతుంది. వేసేటట్టయితే చీలిక కిందికి ఉండేలా వేసి, అన్నిటికంటే దిగువ ఉన్న చోట నీళ్ళు కారేందుకు చిన్న రంధ్రం పెట్టండి. వాగులు దాటే బండికి ఇది మరీ ముఖ్యం.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. నెలల తరబడి ఆపి ఉంచే బండి అయితే నైలాన్ అల్లిక ఒక్కటే వేసి వదిలేయకండి. లోపల మెత్తటి రబ్బరు కేబుల్ ఉంటే కొరికేస్తాయి.

ఇప్పుడు అసలు కేబుల్. మీరు సైజు రాయలేదు. చాలా వించులతో పెట్టెలో వచ్చేది 2 గేజ్, అంటే 33.6 స్క్వేర్ ఎంఎం, మన లెక్కలో 35 అనుకోండి. మీవాడు పెట్టెలోది పక్కన పడేసి పొడవు చాల్లేదని కొట్లోంచి తెచ్చి ఉంటే అది 25 కూడా కావచ్చు. చిన్న లెక్క చూద్దాం. బ్యాటరీ నుంచి వించ్‌కి రెండు మీటర్లు, తిరిగి రావడానికి రెండు, మొత్తం నాలుగు. 35 స్క్వేర్ ఎంఎం రాగికి మీటరుకి 0.554 మిల్లీ ఓమ్. నాలుగు మీటర్లకి 2.2 మిల్లీ ఓమ్. 400 ఆంపియర్ల దగ్గర ఇందులోనే 0.9 వోల్టు పోతుంది, కేబుల్ మొత్తం మీద 350 వాట్ల వేడి పుడుతుంది. అదే 25 అయితే 1.25 వోల్టు, 500 వాట్లు. 50 అయితే 0.6 వోల్టు, 250 వాట్లు. మీ దూరానికి నేను 50 వేస్తాను. 70 వేస్తే ఇంకా మంచిదే కానీ వంచడం కష్టం, లగ్గులు పెద్దవి, ఆ ఇరుకులో పట్టదు.

చాలామంది పొరపడే విషయం ఒకటుంది. సన్న కేబుల్ వేస్తే వించ్ తక్కువ కరెంటు తీసుకుంటుందనుకుంటారు. మోటారు లాగే బలం కరెంటుని బట్టి ఉంటుంది. అదే బరువు లాగాలంటే దాదాపు అదే కరెంటు కావాలి. వోల్టేజి తగ్గితే తగ్గేది వేగం. అంటే పది సెకన్లలో అయ్యే పని పదిహేను సెకన్లు పడుతుంది, అంతసేపూ కేబుల్, మోటారు, సాలినాయిడ్ మూడూ కాలుతూనే ఉంటాయి. వోల్టేజి పడితే సాలినాయిడ్ ఏం చేస్తుందో పైన చెప్పాను. ఆల్టర్నేటర్ ఎంత పెద్దదైనా ఈ లోడు మొత్తం మోయలేదు, మిగతాది బ్యాటరీయే ఇవ్వాలి. అందుకని ఇంజన్ ఆన్‌లో ఉంచి కొద్దికొద్దిగా లాగి, మధ్యమధ్య ఆపుతూ ఉండండి.

కొనేటప్పుడు వెల్డింగ్ కేబుల్ అడగండి. సన్నటి పోగులు, రబ్బరు తొడుగు, చలిలో కూడా మెత్తగా వంగుతుంది. ఐఎస్ 9857 అని తొడుగు మీద ముద్ర ఉండాలి. అందులోనే హెచ్‌ఓఎఫ్‌ఆర్ అని వేడికి, నూనెకి తట్టుకునే రకం దొరికితే అదే తీసుకోండి. ఇళ్ళ వైరింగుకి వాడే పీవీసీ కేబుల్ 70 డిగ్రీల రకం, ఇక్కడ వద్దు. హైదరాబాద్‌లో ట్రూప్ బజార్, రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ చుట్టుపక్కల మీటర్ల లెక్కన కోసిస్తారు. ఒక్క జాగ్రత్త, అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ కూడా అదే కొట్లో, అదే రంగులో, సగానికి తక్కువ ధరకి ఉంటుంది. రాగి పూత పూసిన అల్యూమినియం ఇంకా మోసం, కొస చూస్తే ఎర్రగానే కనిపిస్తుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే వద్దనండి. ఇంకా తేలికైన పరీక్ష తూకం. 50 స్క్వేర్ ఎంఎంలో రాగి ఒక్కటే మీటరుకి దాదాపు 450 గ్రాములుంటుంది, పైన తొడుగు బరువు వేరే. మీటరు ముక్క మొత్తం కలిపి అంతకు తక్కువ తూగితే అది రాగి కాదు, లేదా 50 కాదు.

లగ్గుల దగ్గర పొదుపు చేయకండి. తగరం పూసిన రాగి ట్యూబు లగ్గులు, డోవెల్స్ లాంటి పేరున్నవి, 50కి 50వే. రంధ్రం మీ స్టడ్ సైజుకి సరిగ్గా ఉండాలి, 8 ఎంఎం స్టడ్‌కి 10 రంధ్రం లగ్గు వేసి వాషర్లతో సర్దడం కుదరదు. ఆరు పలకల డై ఉన్న హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి. మన దగ్గర చాలాచోట్ల లగ్గుని ఇనుప దిమ్మ మీద పెట్టి ఉలితో, సుత్తితో రెండు దెబ్బలు వేసి, లోపల సోల్డర్ పోస్తారు. చూడ్డానికి ఘనంగా ఉంటుంది. సోల్డర్ కేబుల్ లోపలికి పీల్చుకుపోయి లగ్గు దాటాక రెండంగుళాలు కర్రలా బిగుసుకుంటుంది, అదురుకి సరిగ్గా అక్కడే తెగుతుంది. మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది కూడా. నొక్కాక లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేసి, వేడి చేస్తే కొసల్లోంచి కొంచెం జిగురు బయటికి రావాలి. అది రాకపోతే నీళ్ళు లోపలికి పోయి రాగి పచ్చబడుతుంది. టెర్మినళ్ళ మీద రబ్బరు టోపీలు తప్పనిసరి, వించ్ మోటారు దగ్గరున్న స్టడ్‌కి మరీను. అక్కడే కదా ఇనుప తాడు, సంకెళ్ళు ఆడేది.

మీ నెగటివ్ ఛాసిస్‌కి వెళ్ళింది, అది మార్చాలి. వించ్ మోటారు ఎర్త్ స్టడ్ నుంచి పాజిటివ్‌కి వేసినంత మందం కేబులే నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి రావాలి. ఛాసిస్‌కి వేస్తే కరెంటు పెయింటు, తుప్పు, బోల్టులు దాటుకుని, బాడీ ఎర్త్ పట్టీ మీదుగా బ్యాటరీకి చేరాలి. ఆ పట్టీ 400 ఆంపియర్లు నిమిషాల తరబడి మోయడానికి వేసింది కాదు. అక్కడ అడ్డం తగిలితే కరెంటు గేర్ కేబుల్, క్లచ్ కేబుల్, బేరింగులు, ఏది దొరికితే దాంట్లోంచి పోతుంది. అయితే స్టార్ట్-స్టాప్ (ఆగినప్పుడు ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న బళ్ళలో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న కరెంటు సెన్సార్ ఉంటుంది. వించ్ నెగటివ్ నేరుగా బ్యాటరీ పోస్టు మీద వేస్తే ఆ కరెంటు సెన్సార్ లెక్కలోకి రాదు, బ్యాటరీ ఎంత మిగిలిందో బండికి తప్పుగా తెలుస్తుంది. మీ టెర్మినల్ మీద సన్న వైర్ల ప్లగ్గుతో నల్ల డబ్బా లాంటిది కనిపిస్తే, ఎర్త్ ఎక్కడ తీసుకోవాలో సర్వీసు మాన్యువల్ చూసి వేయించండి.

సాలినాయిడ్ బాక్సు లోపలికి తెచ్చుకోవడం మంచి ఆలోచనే, ఖర్చు తెలుసుకుని చేయండి. బాక్సు బ్యాటరీ పక్కనుంటే నీళ్ళు, బురద తగలవు. ఎప్పుడూ బతికుండే పాజిటివ్ కూడా అక్కడే ఆగిపోతుంది, ముందుకి పోయే కేబుళ్ళలో బటన్ నొక్కినప్పుడు తప్ప కరెంటు ఉండదు. కానీ సిరీస్ మోటారుకి బాక్సు నుంచి మూడు కేబుళ్ళు పోవాలి, ఎర్త్‌తో కలిపి నాలుగు, నాలుగూ 50వే. ఆ రేడియేటర్ పక్క సందులో నాలుగు పట్టించడం అంటే మీకే తెలుస్తుంది. ఐసొలేటర్ వేస్తే అదే లాభం రెండు కేబుళ్ళతోనే వస్తుంది. వాగుల్లో మోకాలి లోతు దాటి దిగే బండి అయితేనే బాక్సు మార్చండి. మార్చినా ఐసొలేటర్ మానకండి, కాంటాక్టు అతుక్కుంటే బాక్సు ఎక్కడుంటే ఏం లాభం?

బంపర్ గురించి ఒక మాట. మీరు పంపిన ఫొటోలో బుల్ బార్, అంటే బంపర్ ముందు బిగించే ఇనుప చట్రం, కనిపించింది. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకి లేఖ రాసి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద బుల్ బార్ల మీద చర్య తీసుకోమంది. ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ సెన్సార్‌కి దెబ్బ తెలిసే తీరు కూడా దానివల్ల మారిపోతుంది. కంపెనీ బంపర్ వెనక దాక్కునే వించ్ ప్లేటుకి మారతారేమో ఆలోచించండి. మారితే అక్కడ పసుపు కనెక్టర్లున్న వైర్లు కనిపిస్తాయి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి కేబుల్ కట్టకండి, వాటిని పక్కకి లాగకండి.

అన్నీ బిగించాక బ్యాటరీకి తగిలించే ముందు మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి, ఐసొలేటర్ ఆన్ చేసి, బాక్సు పాజిటివ్ స్టడ్‌కి, ఛాసిస్‌కి మధ్య చూడండి. బీప్ రాకూడదు. తర్వాత మెల్లటి వాలు మీద, చెట్టుకి వెడల్పాటి పట్టీ వేసి, తాడు మీద బరువు కంబళి కప్పి ఒక లాగుడు లాగండి. మీటరుని డీసీ వోల్టుల్లో పెట్టి ఒక పుల్ల బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, ఇంకోటి బాక్సు పాజిటివ్ స్టడ్ మీద ఉంచితే లోడులో ఆ కేబుల్ ఎంత తింటోందో తెలుస్తుంది. నెగటివ్‌కి కూడా అలాగే, బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి మోటారు ఎర్త్ దాకా. మీటరు పుల్లలు పొడవు వైర్లతో ముందే క్లిప్ చేసుకోండి, లాగేటప్పుడు మనిషి బండి ముందు ఉండకూడదు.

లాగుడు అయ్యాక ఐసొలేటర్ ఆఫ్ చేసి చేత్తో తడిమి చూడండి. కేబుల్ పొడవునా సమంగా వెచ్చగా ఉంటే మందం చాలలేదని. కేబుల్ చల్లగా ఉండి ఒక లగ్గు మాత్రం చురుక్కుమంటే ఆ క్రింపు బాగాలేదు. 400 ఆంపియర్ల దగ్గర ఒక్క అతుకులో 0.1 వోల్టు పోతే అక్కడ 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్ పెట్టినంత వేడి. ఇప్పటి మీ వైరింగులో కూడా ఈ తేడా చూడొచ్చు, ఊడదీసిన లగ్గుల దగ్గర తొడుగు ముడుచుకుందా, రాగి నల్లబడిందా, రంగు మారిందా అని. నెల తిరిగాక స్పానర్‌తో అన్ని బోల్టులూ మళ్ళీ బిగించండి, బ్యాటరీ పోస్టు సీసం మెత్తనిది, కాస్త సర్దుకుంటుంది.

కేబుల్ మీద అచ్చు ఏముందో, ఊడదీసిన లగ్గులు ఎలా ఉన్నాయో దగ్గరి నుంచి ఫొటో తీసి పెట్టండి. బ్యాటరీ మీ బండిలో ఏ పక్కనుందో, ఎగ్జాస్ట్ ఏ పక్క నుంచి దిగుతోందో కూడా కనిపించేలా బానెట్ ఎత్తి ఒక ఫొటో. అవి చూస్తే ఐసొలేటర్ బ్రాకెట్ ఎక్కడ పడుతుందో గీసి చూపిస్తాను.